విడదీస్తే నిలవని స్వేచ్ఛ

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ భీమవరం, నెల్లూరు చెరువుల దాకా వచ్చింది. మన రొయ్యకు అప్పటికి అతిపెద్ద గిరాకీ అమెరికాదే. అక్కడ మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్య మీద వేసింది 15 శాతమే. కౌంట్ ధరలు తగ్గాయి, కొత్త పంట వేయాలా వద్దా అని రైతులు తటపటాయించారు. ఇది అన్యాయమని పార్టీలకు అతీతంగా అందరూ అన్నారు. నిజంగా అన్యాయమే.

అంతకు రెండేళ్ల ముందు, 2023 జులై 20న, మన కేంద్ర ప్రభుత్వమే బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో సోనామసూరి బస్తాల కోసం మనవాళ్లు బారులు తీరారు, మనిషికి ఒక్క బస్తాయేనని దుకాణదారులు బోర్డులు పెట్టారు. ఇక్కడ ధాన్యం పండించిన రైతుకు మంచి ధర వచ్చే అవకాశం ఆ ఉత్తర్వుతో మూసుకుపోయింది. 2024 సెప్టెంబరు దాకా నిషేధం సాగింది. రొయ్య కోసం లేచిన గొంతుల్లో బియ్యం కోసం లేచినవి చాలా తక్కువ.

ఉద్యోగాల సంగతీ ఇంతే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు అమెరికా లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే తెలుగు ఇళ్లలో ఆందోళన మొదలైంది. చదువుకున్న పిల్లలు పని దొరికిన చోటికి వెళ్లే హక్కు పోతోందని బాధపడ్డాం. కానీ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ప్రైవేటు యజమానుల మీద చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది. డల్లాస్‌లో మనకు తలుపు తెరిచి ఉండాలని కోరుకుంటూ శ్రీసిటీ పరిశ్రమల్లో ఒడిశా కుర్రాడికి తలుపు వేయాలంటే, ఆ కోరికలో న్యాయం ఎక్కడుంది?

స్వేచ్ఛా మార్కెట్టునూ ఉదారవాదాన్నీ సమర్థించడం ఇవాళ ఎందుకు ఇంత కష్టమైందో ఈ ఉదాహరణల్లోనే ఉంది. ఇతరుల నియంత్రణ మనకు అన్యాయంగా కనిపిస్తుంది, మన నియంత్రణ అవసరంగా కనిపిస్తుంది. ప్రపంచమంతా ఇదే నడుస్తోంది. దశాబ్దాల పాటు స్వేచ్ఛా వాణిజ్యం గురించి చెప్పిన రిపబ్లికన్ పార్టీకి ఇప్పుడు సుంకాలే జెండా. కొత్త సభ్యుల నియామకానికి అమెరికా అడ్డుపడటంతో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల విభాగం 2019 డిసెంబరులో మూలనపడింది. మన దేశం అదే ఏడాది ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం నుంచి తప్పుకుంది. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు పెట్టి, గగ్గోలు పుట్టాక వాయిదా వేసింది. ఆలోచనాపరుల సంగతి చూస్తే, ఉదార ప్రజాస్వామ్యమే మానవ చరిత్రకు చివరి మజిలీ అని 1992లో వాదించిన ఫ్రాన్సిస్ ఫుకుయామా, 2022లో దాన్ని కాపాడుకోవాలంటూ మరో పుస్తకం రాయాల్సి వచ్చింది.

ఈ చర్చ మీద పాశ్చాత్య దేశాల నుంచి పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో చాలావాటికి మన అనుభవం పట్టదు. నిజానికి ఈ ప్రశ్నను తెలుగువాళ్లు లోతుగా ఎదుర్కొన్నారు, వాదించారు, ఓడిపోయారు కూడా. ఆ చరిత్రను వరుసగా చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. వ్యాపార స్వేచ్ఛనూ మనిషి స్వేచ్ఛనూ వేరుచేసి, ఒకదాన్ని వెనకేసుకొచ్చి రెండోదాన్ని గాలికి వదిలేసిన ప్రతిసారీ మొదటిది కూడా నిలవలేదు.

రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు పేరు ఇప్పుడు లా కాలేజీల్లోనే వినిపిస్తుంది. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. ఆయన రాసిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటిది 1962 నాటి ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో అతని మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి నిద్రలేపేవారు. ఊరు దాటితే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావని ఆరా తీసేవారు. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. గోప్యతకు రాజ్యాంగంలో హామీ లేదన్నారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఎవరో కనిపెడుతున్నారన్న భయంతో తిరిగే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని, వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమేనని అసమ్మతి తీర్పు రాశారు. ఆయనతో జస్టిస్ షా గొంతు కలిపారు. 55 ఏళ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ అసమ్మతి వైపే నిలిచారు.

రెండోది 1967 ఫిబ్రవరి 27న వచ్చిన గోలక్‌నాథ్ తీర్పు. ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని ఐదుగురు అన్నారు. కోర్టుకు వచ్చింది పంజాబ్ భూస్వామి కుటుంబం, పోయేది వాళ్ల మిగులు భూమి. అందుకే ఈ తీర్పు ధనికుల పక్షమని ఆనాడు విమర్శలు వచ్చాయి, ఇప్పటికీ ఆ ముద్ర పోలేదు. 1973లో కేశవానంద భారతి కేసు దీన్ని తోసిపుచ్చింది. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్న సూత్రం ఆ కేసులో పుట్టడానికి దారి వేసింది గోలక్‌నాథే.

పోలీసుల చేతుల్లో నలిగిన అనామకుడి నిద్రనూ, భూస్వామి ఆస్తినీ సుబ్బారావు ఒకే కొలతతో కొలిచారు. పౌరుడి దగ్గర ఏముంది, అతను మంచివాడా కాదా అని ఆయన అడగలేదు. ప్రభుత్వం చేయి ఎక్కడిదాకా వెళ్లవచ్చు అని మాత్రమే అడిగారు. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్లలో ఒక వర్గం ఖరక్ సింగ్ తీర్పును తలకెత్తుకుని గోలక్‌నాథ్‌ను దాచేస్తుంది. ఇంకో వర్గం ఆస్తిహక్కు గురించి గంటలు మాట్లాడి, పోలీసు తలుపు తట్టినప్పుడు మౌనం వహిస్తుంది.

ఈ రెండింటికీ ముడి ఉందని సుబ్బారావు కంటే ముందే పాలకులకు తెలుసు. 1951లో వచ్చిన మొట్టమొదటి రాజ్యాంగ సవరణను చూడండి. అంతకు ముందు ఏడాది, మద్రాసు ప్రభుత్వం రమేష్ థాపర్ నడిపిన క్రాస్‌రోడ్స్ పత్రికను రాష్ట్రంలోకి రానీయకపోతే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. బిహార్‌లో జమీందారీ రద్దు చట్టాన్ని పాట్నా హైకోర్టు కొట్టేసింది. ఈ రెంటికీ కలిపి ఒకే సవరణతో జవాబిచ్చారు. వాక్‌స్వాతంత్ర్యం మీద ఆంక్షల జాబితా పెరిగింది, ఆస్తి చట్టాలను కోర్టులకు అందకుండా దాచే తొమ్మిదో షెడ్యూలు పుట్టింది. జమీందారీ పోవడం న్యాయం. రిజర్వేషన్లకు వీలు కల్పించిన నిబంధన కూడా అదే సవరణలో ఉంది, అదీ న్యాయమే. కానీ న్యాయమైన పని కోసం తెరిచిన ఆ తొమ్మిదో షెడ్యూలులోకి తర్వాతి ప్రభుత్వాలు వందలకొద్దీ చట్టాలు నెట్టాయి.

సరుకు మీద అదుపు మాట మీద అదుపుగా ఎలా మారుతుందో న్యూస్‌ప్రింట్ కోటా చూపించింది. కాగితం దిగుమతి ప్రభుత్వం గుప్పిట్లో ఉండేది. ఏ పత్రికకు ఎంత కాగితమో ఢిల్లీలో తేల్చేవారు. 1972లో పది పేజీలకు మించి వేయరాదని పరిమితి పెడితే, బెన్నెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సంపాదకీయం మీద సెన్సారు పెట్టనక్కర్లేదు, కాగితం ఆపితే చాలు. ఆర్థిక స్వేచ్ఛ వ్యాపారుల గొడవ, మాకెందుకు అనుకునే రచయితలు, పాత్రికేయులు ఈ ఒక్క కేసు చదివినా మేలు.

అయితే ఈ భావాలు కోర్టు గదుల్లోనే లేవు, మన పొలాల్లోనూ ఉన్నాయి. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. రైతు తన గట్టు చెరిపేసి భూమిని ఉమ్మడిలో కలపాలన్న ఆ ఆలోచనను నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా వ్యతిరేకించి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. ఆ ఏడాది రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. పర్మిట్-లైసెన్స్ రాజ్ అన్న రాజాజీ మాట ఆ రోజుల్లోనే జనం నోట్లో పడింది. పార్టీ మౌలిక సూత్రాలు తప్ప మిగతా విషయాల్లో సభ్యులు తమ అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయవచ్చని నియమం పెట్టుకుంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే ఈ కాలంలో ఆ నియమం ఎంత సాహసమో ఊహించండి.

రంగా జమీందార్ల మనిషి కాదు. జమీందారీలకు వ్యతిరేకంగా రైతులను కూడగట్టిన నాయకుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి పల్లెకు తిరిగొచ్చి రైతు విద్యాలయం పెట్టినవాడు. ఆయన వాదం సూటిగా ఉండేది. జమీందారు చేతిలోంచి తీసిన భూమి దున్నేవాడి చేతికి రావాలి, సర్కారు చేతికి కాదు. ఆయన సహచరుడు గౌతు లచ్చన్న గీత కార్మికుల నాయకుడు. 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం మీదే. తాడి ఎక్కి బతికే వేలమంది వృత్తిని ఒక చట్టంతో తీసేస్తే వాళ్లేం తిని బతకాలన్నది లచ్చన్న పోరాటం. వృత్తి స్వేచ్ఛ అంటే పెట్టుబడిదారు హక్కేనని అనుకునేవాళ్లకు ఆ ఉద్యమం గట్టి సమాధానం.

1967లో స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. 1974కల్లా భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఇందిరాగాంధీ ప్రభంజనం ఒక కారణం. సంస్థానాధీశులూ మిల్లు యజమానులూ వేదిక మీద ముందు వరసలో కూర్చుంటే, స్వేచ్ఛ పేరుతో పాత పెత్తనమే మళ్లీ వస్తోందని పేదవాడు అనుమానించాడు. ఆ అనుమానాన్ని తీర్చే ప్రయత్నం పార్టీ గట్టిగా చేయలేదు. నా దృష్టిలో ఇదే అసలు కారణం.

గుంటూరు జిల్లాలోనే ఇంకో ఉదారవాద పాయ ఉంది. తెనాలిలో త్రిపురనేని రామస్వామి వేసిన హేతువాదపు బాట, తర్వాత ఎం.ఎన్. రాయ్ ప్రభావంతో ఆవుల గోపాలకృష్ణమూర్తి, రావిపూడి వెంకటాద్రి వంటివారు నడిపిన మానవవాద ఉద్యమం ఆ పాయ. వీళ్లు మతం పెత్తనాన్నీ పార్టీ పెత్తనాన్నీ ప్రశ్నించారు. కమ్యూనిజం ప్రభావం బలంగా ఉన్న రోజుల్లో, అన్నింటికీ కేంద్రం వ్యక్తేనని ధైర్యంగా చెప్పారు. కానీ సంత, ధర, లైసెన్సు వంటి మాటలు వాళ్ల చర్చలో ఎప్పుడూ ప్రధానం కాలేదు. నిడుబ్రోలు వాళ్లేమో ధర గురించి, భూమి గురించి మాట్లాడి, సమాజంలో పాతుకున్న పెత్తనం జోలికి పెద్దగా పోలేదు. రెండు ఊళ్ల మధ్య దూరం రైల్లో గంట కూడా ఉండదు. ఆ రెండు పాయలు మాత్రం కలవలేదు.

అవి కలవకపోవడం వల్ల ఏం జరిగిందో అదే రైలు మార్గంలో కనిపిస్తుంది. తెనాలికీ నిడుబ్రోలుకూ మధ్య స్టేషను చుండూరు. 1991 జులై 24న ఢిల్లీలో లైసెన్స్ రాజ్‌ను కూల్చే పారిశ్రామిక విధానమూ, మన్మోహన్ సింగ్ బడ్జెట్టూ వచ్చాయి. ప్రధాని తెలుగువాడు. పదమూడు రోజుల తర్వాత, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి నరికి చంపారు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై సాంఘిక బహిష్కరణగా ముదిరి హత్యాకాండగా ముగిసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

మార్కెట్ పక్షాన రాసేవాళ్లు చుండూరును పక్కన పెట్టి రాయకూడదు. సాంఘిక బహిష్కరణ అంటే ఏమిటి? పొలంలో పని ఇవ్వరు, కొట్లో సరుకు అమ్మరు, అప్పు పుట్టదు. కొనుగోలుదారూ అమ్మకందారూ స్వేచ్ఛగా ఒప్పందం చేసుకునే చోటే మార్కెట్ ఉంటుంది. కూలికి వెళ్లే దారి కులం మూసేసిన చోట మార్కెట్టే లేదు, ఉన్నది ముఠా పాలన. సర్కారు అనుమతి పత్రం మనిషిని ఆపినా, ఊరి పెద్దల కట్టుబాటు ఆపినా ఆగేది మనిషే. 1947లో అంబేడ్కర్ రాష్ట్రాలు, మైనారిటీల మీద రాసిన పత్రంలో భూమినీ కీలక పరిశ్రమలనూ ప్రభుత్వం చేతిలో పెట్టాలన్నారు. ఆయన మందుతో నాకు ఏకీభావం లేదు, కానీ ఆయన రోగాన్ని సరిగ్గా పట్టారు. ఊరిపెద్ద పెత్తనం నుంచి విముక్తి లేకుండా ఒప్పంద స్వేచ్ఛ గురించి చెప్పే ఉదారవాది చుండూరులో ఎవరికీ ఏమీ చెప్పలేడు.

1991 సంస్కరణల కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకే సరిపోయే స్థితిలో పీవీ నరసింహారావు పగ్గాలు పట్టారు. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. 18 రంగాలు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అప్పటికి దేశమంతటా ఉన్న టెలిఫోన్లు 50 లక్షలు. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి జాబితాలో పేరు ఉంచుకుని ఎదురుచూసిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. రోజుకు 2.15 డాలర్ల గీత ప్రకారం 2011-12లో 16.2 శాతం ఉన్న తీవ్ర పేదరికం 2022-23 నాటికి 2.3 శాతానికి తగ్గిందని ప్రపంచ బ్యాంకు లెక్క. రేషన్ బియ్యం, ఉపాధి హామీ కూడా ఇందులో పాలుపంచుకున్నాయి. వాటికి డబ్బు సమకూర్చింది మాత్రం పెరిగిన ఉత్పత్తే.

ఇంత మేలు జరిగినా ఆ మేలు పక్షాన నిలబడే జనం ఎందుకు లేరు? ఎవరూ జనాన్ని ఒప్పించలేదు కాబట్టి. 1992లో తిరుపతి కాంగ్రెస్ మహాసభలో పీవీ తన మార్పులను పాత దారికి కొనసాగింపుగానే చెప్పుకున్నారు. పార్టీలో పరిస్థితి అలాంటిది కావచ్చు. దాంతో సంస్కరణ అంటే చాటుగా చేసే పని అన్న అలవాటు స్థిరపడింది. 2000లో హైదరాబాద్‌లో విద్యుత్ చార్జీల మీద ఉద్యమం వస్తే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తుపాకులు మాట్లాడాయి, ముగ్గురు చనిపోయారు. 2020లో సాగు చట్టాలను కరోనా లాక్‌డౌన్ నీడలో ఆర్డినెన్సులుగా తెచ్చారు, రాజ్యసభలో మూజువాణి ఓటుతో గట్టెక్కించారు. రైతు తన పంటను యార్డు బయట ఎవరికైనా అమ్ముకోవచ్చన్నది అందులో ప్రధానమైన మాట, రంగా బతికుంటే సమర్థించే మాటే. పంజాబ్ రైతును కూర్చోబెట్టి అడిగి, కనీస మద్దతు ధర మీద భయం తీర్చి, సభలో రోజుల తరబడి వాదించి ఉంటే కొంతైనా నిలిచేది. ఏడాది తిరిగాక 2021 నవంబరులో ఆ చట్టాలు సరైన చర్చ లేకుండా వచ్చినట్టే చర్చ లేకుండా పోయాయి. నియంతృత్వ పద్ధతిలో తెచ్చిన స్వేచ్ఛను జనం తమదిగా ఎన్నటికీ అనుకోరు.

మార్కెట్ మీద వచ్చే విమర్శల్లో బలమైనవాటిని బలంగానే తీసుకోవాలి. 2010లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చి, తోటి మహిళలతోనే వసూలుకు ఒత్తిడి పెట్టించాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఆ ఆర్డినెన్సు ఆ రంగాన్నే స్తంభింపజేసింది, అది వేరే చర్చ. కానీ అవమానంతో వసూలు చేసే అప్పును స్వేచ్ఛా ఒప్పందమని సమర్థించడం తప్పు. బీటీ పత్తి విత్తనం విషయంలో రాష్ట్ర ప్రభుత్వం చేసింది ఇంకా ఆసక్తికరం. 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయలు దాటి అమ్ముతుంటే, 2006లో మోన్‌శాంటో రాయల్టీ మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు కేసు వేసింది. ధర 750కి దిగింది. పోటీ లేని చోట పోటీ కోసం అడగడం మార్కెట్ పక్షపాతి పనే. పెద్ద కంపెనీకి వకాల్తా పుచ్చుకోవడమే స్వేచ్ఛా మార్కెట్ వాదమని ఎవరైనా అనుకుంటే, గుత్తాధిపత్యాన్ని ఆడం స్మిత్ ఎంత కఠినంగా తిట్టాడో వాళ్లు చదవలేదన్నమాట.

ఇక నేటి వాతావరణం. నాకు అన్నింటికంటే ఆందోళన కలిగించేది సోషలిజం కాదు, జీవో. సినిమా టికెట్టునే తీసుకోండి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెల్లోని మామూలు హాళ్లలో కింది తరగతి టికెట్ ఐదు రూపాయలని నిర్ణయించింది. హాలు యజమాని కరెంటు బిల్లు కూడా రాని ధర అది. మరుసటి ఏడాది సవరించారు. ఇప్పుడు పెద్ద హీరో సినిమా వస్తే మొదటి వారం ధర పెంచుకోవడానికి ప్రత్యేక ఉత్తర్వు కోసం నిర్మాతలు సచివాలయానికి వెళ్తారు. ధర తగ్గించినా పెంచినా రెండు చోట్లా జరిగింది ఒక్కటే. అందరికీ వర్తించే నియమం స్థానంలో పాలకుడి దయ వచ్చి కూర్చుంది. దయ మీద బతికే పరిశ్రమ పాలకుడి మీద నోరెత్తుతుందా? సామాజిక మాధ్యమంలో పెట్టిన పోస్టులకు అరెస్టులు రెండు రాష్ట్రాల్లోనూ, అన్ని పార్టీల హయాంలోనూ జరిగాయి. అరెస్టయింది ప్రత్యర్థి అయితే హర్షించడం, మనవాడైతే రాజ్యాంగం గుర్తుచేయడం మామూలైపోయింది. మార్కెట్ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ అరెస్టులను రాజకీయమని వదిలేస్తే, వాళ్లు కోరే పెట్టుబడుల వాతావరణం కూడా ఆ దయ మీదే ఆధారపడుతుంది.

అయినా జనంలో ఈ భావాలకు చోటు లేదనడానికి వీల్లేదు. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కు చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద అంశమైంది. భూమి హక్కుకు తిరుగులేని రికార్డు ఉండాలన్నది మంచి ఆశయమే, ఉదారవాద ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో అడుగుతున్నదే. కానీ వివాదం వస్తే సివిల్ కోర్టుకు బదులు అధికారి దగ్గరకు వెళ్లాలన్నారు, పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి బొమ్మ వేశారు. నా భూమికి హక్కుదారు ఎవరో అధికారి తేలుస్తాడా అని రైతు భయపడ్డాడు. కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఆ చట్టం రద్దయింది. ఆస్తిహక్కు ధనికుల ముచ్చట అన్నవాళ్లకు రెండెకరాల రైతు ఇచ్చిన తీర్పు అది. రంగా చేయలేకపోయిన ప్రచారం ఒక పాస్‌బుక్ చేసింది.

ఆ రెండెకరాలు కూడా పూర్తిగా తనవి కాని రైతు ఒకడున్నాడు. అసైన్డ్ భూమి పట్టాదారు. ఎక్కువగా దళితుడు, గిరిజనుడు, వెనకబడిన కులాలవాడు. 1977 నాటి బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు. సహకార సంఘాల వంటి సంస్థలకు తప్ప తాకట్టు పెట్టకూడదు. తరతరాలుగా దున్నుతున్నా వారసులకు పూర్తి హక్కు రాదు. ఆ భూమి పేదవాడి చేయి దాటకూడదన్నదే చట్టం ఉద్దేశం. జరిగిందేమిటి? కూతురి పెళ్లికో ఆసుపత్రికో డబ్బు కావలసి వస్తే తెల్లకాగితం మీద రాసి అమ్ముకున్నాడు. చెల్లని అమ్మకం కాబట్టి పక్క పట్టా భూమికి వచ్చే ధరలో చిన్న భాగమే చేతికొచ్చింది. కొన్నవాడికి పలుకుబడి ఉంటే భూమి అతనికి నిలిచింది, లేకపోతే రెవెన్యూ వాళ్లు వెనక్కి తీసుకున్నారు. ప్రాజెక్టుల కోసం సర్కారు తీసుకున్నప్పుడు పట్టా రైతుకు నష్టపరిహారం, అసైన్డ్ రైతుకు ఎక్స్‌గ్రేషియా. ఆ తేడా చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పేసరికి 2004 వచ్చింది.

2023లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు ఇచ్చింది. ముందే ఒప్పందాలు రాయించుకున్న పెద్దలు లాభపడ్డారన్న ఆరోపణలు వచ్చాయి. 2024లో కొత్త ప్రభుత్వం రిజిస్ట్రేషన్లు ఆపేసి విచారణ మొదలుపెట్టింది. ఇక్కడ రెండు వైపుల వాదనలూ విన్నాను. హక్కు ఇస్తే పెద్దలు కాజేస్తారనేది ఒకటి, హక్కు ఇవ్వకపోవడం వల్లే కారుచౌకగా కాజేస్తున్నారనేది రెండోది. రెండోదే నిజానికి దగ్గరని నా నమ్మకం. పేదవాడి ఆస్తికి పెట్టిన తాళం కొనేవాడికి బేరమాడే బలం ఇచ్చింది. మొదటి వాదనలోని భయమూ వట్టిది కాదు. దాన్ని తొలగించే మార్గాలున్నాయి. హక్కు రాకముందు రాసిన ప్రతి ఒప్పందమూ చెల్లదని చట్టంలోనే రాయవచ్చు. అమ్మకానికి ముందు ధరను గ్రామసచివాలయం గోడ మీద అతికించి గడువు ఇవ్వవచ్చు. అన్నింటికంటే ముందు బ్యాంకు అప్పు సులువుగా దొరికేలా చేయవచ్చు, అప్పుడు అమ్ముకోవలసిన అవసరమే చాలామందికి రాదు.

ఈ దేశంలో ఉదారవాదాన్ని కాపాడాలనుకునేవాళ్లు కార్పొరేట్ పన్ను రాయితీల దగ్గర కాకుండా ఇక్కడ మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు రెండూ 1977 చట్టాన్ని మళ్లీ చర్చకు తీసుకోవాలి. ఆర్డినెన్సుగా కాదు, రాత్రికి రాత్రి జీవోగా కాదు. ముసాయిదా తెలుగులో అచ్చువేసి, గ్రామసభల్లో చదివి వినిపించి, అసైన్డ్ రైతుల మాట విని, ఆ తర్వాతే సభలో ఓటు పెట్టాలి. ఆ చర్చ మొదలుపెట్టమని మీ ఎమ్మెల్యేను, ఏ పార్టీవాడైనా సరే, అడగండి.